వర్తించదు

టీలో పంచదార ఎక్కువైందేమోనని స్టెల్లా గుమ్మంలోనే ఆగిపోయింది. క్వాలిటీ సర్టిఫికెట్టు కోసం కాయితాలు రాయిస్తున్న కన్సల్టెంటు రామకోటేశ్వరరావుగారికి షుగరుందో లేదో పోయినసారి అడగడం మర్చిపోయింది. షుగరున్న మనిషి ఈ టీ తాగి, బెంజి సర్కిల్ దగ్గర కళ్ళు తిరిగి బండి మీంచి పడిపోతే? అప్పటికే ఆమె మనసు ఆస్పత్రి వరండాలో నిలబడి, ఆయన భార్యకి ఫోను చేసి ఈ మాట ఎలా చెప్పాలా అని కుమిలిపోతోంది. ఇంతలో లోపల్నుంచి ఆయన గొంతు నిక్షేపంగా, ఖంగుమని వినిపించింది.

"తర్వాతది ఎనిమిది పాయింట్ మూడు. డిజైన్ అండ్ డెవలప్‌మెంట్. కొత్త సరుకు తయారుచేసి చూడటం, ఉన్నదాన్ని మార్చి చూడటం అన్నమాట. మనకది లేదు కదండీ?"

"ఉగ్గుపిండికి డిజైనేంటండీ!" అని నవ్వాడు ఆమె భర్త యేసుకుమార్. "మా అమ్మ చెప్పిన పాళ్ళు. నలభై ఏళ్ళ నుంచీ అవే."

"అయితే వర్తించదు అని కొట్టెయ్యమ్మా కృపా. ఆ ఒక్క ముక్కతో పదిహేను కాయితాలు తప్పుతాయి మనకి."

కంప్యూటరు ముందు కూర్చున్న కూతురు కృప వేళ్ళు టకటకలాడాయి. పనివాళ్ళ కోసం అన్నీ తెలుగులో కూడా రాస్తున్నారు కాబట్టి, ట్రే బల్ల మీద పెడుతూ స్టెల్లా ఆ మాట తెర మీద చదవగలిగింది. వర్తించదు. పక్కన చిన్న గీత. అంతే.

"టీ బావుందమ్మా," అన్నారు రామకోటేశ్వరరావుగారు.

"షుగరుందాండీ మీకు?" అంది స్టెల్లా ఆదుర్దాగా.

"లేదమ్మా."

"దేవుడి దయ," అని ఖాళీ ట్రే గుండెకి హత్తుకుని వెనక్కి వచ్చేసింది.

కానూరు దాటాక, డొంకరోడ్డు పక్కన వాళ్ళ షెడ్డు. ముందు ఆఫీసు గది, మధ్యలో పప్పులు వేయించే పెద్ద మూకుళ్ళూ పిండి మరలూ, చిట్టచివర తూర్పు కిటికీ ఉన్న ఒక చిన్న గది. ఆ గదిలో ఒక గ్యాస్ పొయ్యి, మూడు జల్లెళ్ళు, మూతలున్న స్టీలు డబ్బాలు. ఆఫీసుకి టీ కాచేదీ ఆ పొయ్యి మీదే. టీ గిన్నె దించాక స్టెల్లా దాని మీద గుప్పెడు గుప్పెడు పప్పులు వేయించి ఏం చూస్తుందో అందరికీ తెలుసు, ఎవరూ దానికొక పేరు పెట్టలేదు. 'అమ్మ ఏదో కెలుకుతోంది' అంటుంది కృప. 'స్టెల్లమ్మగారి పూజగది' అంటుంది ప్యాకింగు చూసే కనకలక్ష్మి. యేసుకుమార్ ఆ గదికయ్యే గ్యాసూ, పప్పులూ ఇంటి ఖర్చు కింద రాసుకుంటాడు. ప్యాకెట్టు మీద మాత్రం తెల్లచీర కట్టుకున్న అత్తమ్మ ఆదెమ్మ నవ్వుతూ ఉంటుంది. 'పామర్రు ఆదెమ్మ ఉగ్గు.'

అన్ని ఊళ్ళలో దుకాణాలున్న సూపర్‌మార్కెట్టువాళ్ళు, క్వాలిటీ సర్టిఫికెట్టుంటేనే మీ ప్యాకెట్టు మా అరలో పెడతామన్నారు. అప్పట్నుంచీ ఇంట్లో ఆ మాటే. మంచిదే, కాదని స్టెల్లా ఎందుకంటుంది? అయితే సర్టిఫికెట్టుకి దాని మేత ఉంది. తూకాలు సరిచూసేవాళ్ళకి, కాయితాలు రాసేవాళ్ళకి, గోడలకి రంగులు వేసేవాళ్ళకి పోయింది డబ్బంతా. ఏటా వానాకాలం ముందు ఆమె ప్రయోగాలకి వచ్చే బస్తా పెసలూ, బస్తా పాత బియ్యం ఈసారి రాలేదు. అడిగితే యేసుకుమార్ ఆమె భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా, "ఈ ఒక్క ఏడూ నీ ప్రయోగాలు ఆపు స్టెల్లా. నువ్వు కూడా కాస్త రెస్టు తీసుకున్నట్టుంటది," అన్నాడు. ఆ మర్నాడే రికార్డులు పెట్టుకునే పెద్ద ఇనప బీరువా వచ్చి, ఆమె గదిలో తూర్పు కిటికీకి అడ్డంగా నిలబడింది. పొయ్యి మూలకి జరిగింది. సర్టిఫికెట్టువాళ్ళ తనిఖీ, అదే ఆడిట్, అయిపోగానే ఇంకో రెండు బీరువాలు వస్తాయట. టీకి కరెంటు కెటిల్ కొంటారట.

రెస్టు! వానాకాలం వస్తోందని ఈయనకి గుర్తుందా? కిందటి శ్రావణంలో మైలవరం నుంచి ఒకావిడ ఫోను చేసి, ప్యాకెట్టు విప్పితే పిండి గడ్డకట్టి ఉందంది. ఒక్క ఫోనే కదా అన్నాడాయన. ఫోను చేసింది ఒక్కతే. చెయ్యనివాళ్ళెందరో? చూసుకోకుండా గడ్డ కలిపేసి పిల్లకి పట్టేసిన తల్లి ఒక్కతైనా ఉండదా? స్టెల్లా అప్పటి నుంచీ పట్టుకుంది దాన్ని. వేడి మీద ప్యాక్ చేస్తే లోపల చెమట పడుతోంది. పోనీ ఆరబెడదామంటే, కృష్ణ ఒడ్డు వానగాలి ఆ పిండిని అరగంటలో మెత్తబరుస్తోంది. మూత పెట్టిన డబ్బాకి పొడిగుడ్డ చుట్టి చల్లారిస్తే ఆగుతోంది, కానీ ఎన్ని గంటలు? నాలుగా, ఆరా? ఇంకో మూడు వారాలు చూస్తే తేలిపోతుంది. ఆ మూడు వారాల మీదే బీరువా వచ్చి కూర్చుంది.

ఆమె భయాలకి ఇంట్లో పెద్ద పేరు. పెళ్ళైన కొత్తలో బావి గిలక ఊడిపడుతుందేమో అంటే, ఆదెమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "ఒరే యేసూ, నీ పెళ్ళాం కలలో కూడా గొడుగేసుకుని తిరుగుద్దిరా," అంది. యేసుకుమార్ అయితే ఆ భయాలతో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నాడు, పాపం. పొయ్యి దగ్గర్నుంచి ఎవరు లేచినా, ఆమె అడక్కముందే "కట్టేశా!" అని అరవడం ఆయనే ఇంటిల్లిపాదికీ నేర్పాడు. ఆ అరుపు వినబడకపోతే స్టెల్లా లేచి వెళ్ళి గ్యాస్ చూసుకుంటుంది. వినబడినా ఒక్కోసారి వెళ్తుంది. అందులో వెటకారం ఉందో, ప్రేమ ఉందో విడదీయడం ఆమె ఎప్పుడో మానేసింది. రెండూ ఉన్నాయి, పాలూ నీళ్ళలాగా.

ఒక్క భయం సంగతి మాత్రం వాళ్ళకి తెలీదు. కృప అప్పుడు ఏడు నెలల పిల్ల. పామర్రులో ఆదివారం, ఆదెమ్మా యేసుకుమారూ చర్చికి వెళ్ళారు. అత్తమ్మ దంచి పెట్టిన ఉగ్గే, అత్తమ్మ చెప్పినట్టే కాచి స్టెల్లా పట్టింది. పిల్ల మూడో గుక్కకి ఉలిక్కిపడి, నోరు తెరిచి, ఏడుపు రాక నీలంగా తిరిగిపోయింది. తిరగేసి వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. శనగగింజంత ఉండ ఒకటి చాప మీద పడింది. పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు కన్నా తియ్యటి చప్పుడు స్టెల్లా ఈనాటికీ వినలేదు. చర్చి నుంచి వచ్చినవాళ్ళకి ఆమె ఏమీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే, చర్చిలో విన్న ప్రసంగాలు రాసుకునే నోటు పుస్తకాన్ని తిరగేసి, వెనకవైపు నుంచి మొదలుపెట్టింది. పేజీకి నిలువుగా ఒక గీత. ఇటు ఏం భయం, అటు ఏం చేశా. బియ్యం చాలినంత వేగకపోతే ఉండ కడుతుంది. పేలాల్లా తెల్లగా పొంగేదాకా వేయించా. పెసరపొట్టు గొంతుకి అంటుతుంది. సన్న జల్లెడ, రెండుసార్లు. వాము ఘాటుకి కడుపులో మంట. సగం చేశా, కృప తాగింది, బాగా నిద్రపోయింది. ఇప్పటికి ఎనిమిది పుస్తకాలు. ముందు నుంచి చూస్తే భయపడవద్దని పాస్టరుగారు చెబుతుంటారు, వెనక నుంచి స్టెల్లా భయపడుతూ ఉంటుంది. రెండూ ఏదో ఒక ఏడాది నడి పేజీలో కలుసుకుంటాయి.

మరి పాళ్ళు మారాయని అత్తమ్మకి తెలుసా అంటే, తెలుసు. చివరి రోజుల్లో పళ్ళన్నీ ఊడిపోయి ఉగ్గే ఆవిడ అన్నమైంది. ఒకరోజు చెంచా నోట్లో పెట్టుకుని, చాలాసేపు చప్పరించి, కళ్ళు చిట్లించింది. "ఇది నాది కాదే. నాది ఉండలు కట్టేది." తర్వాత ఒళ్ళు కదిలేలా నవ్వింది. "నా బొమ్మేసుకుని నీ ఉగ్గు అమ్ముతున్నాడా వీడు! చెప్పకులేమ్మా. వాడికి అమ్మంటే వెర్రి." స్టెల్లా చెప్పలేదు. ఆరేళ్ళయింది ఆవిడ పోయి. చెప్పకపోవడం ఆవిడ ఫొటోకి పెట్టిన పువ్వులాగా ఉండేది ఇన్నాళ్ళూ. ఇప్పుడు తెర మీద 'వర్తించదు' అన్న మాట చూశాక, పువ్వు కింద ముల్లు తగిలింది.

రామకోటేశ్వరరావుగారి మాన్యువల్ నూట పన్నెండు పేజీలు. యేసుకుమార్ సంతకాలు పెట్టాడు. కృప ప్రింట్లు తీసింది. మొత్తం చదివింది మాత్రం స్టెల్లా ఒక్కతే, అదీ భయం కొద్దీ. సంతకం పెట్టిన కాయితంలో ఇల్లు రాసిచ్చేశామని ఉంటే? పదో తరగతి చదువుతో వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయి, అరవై నాలుగో పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఏవండీ, మన ఉగ్గుకి గ్రీజు పుయ్యాలంట."

"ఏంటీ?"

"'తయారైన సరుకుకు తుప్పు పట్టకుండా గ్రీజు పూసి, మరల కొలతలు సరిచూడవలెను.'"

కృప లాక్కుని చూసి, పడీ పడీ నవ్వింది. ఆటోనగర్లో ఏదో బోల్టుల కంపెనీకి రాసిచ్చిన మాన్యువల్నే, పేరు మార్చి వీళ్ళకీ ఇచ్చారాయన. "అందుకే అమ్మా ఆ ఎనిమిది పాయింట్ మూడు కూడా! బోల్టులవాళ్ళకి డిజైను బయటోళ్ళు ఇస్తారు. వాళ్ళకి వర్తించదు. మనకీ దించేశారు."

"ఫార్మాలిటీకి రాస్తారే అవన్నీ. ఎవరూ చదవరు," అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు యేసుకుమార్. స్టెల్లా నీలం పెన్ను తీసుకుని, ఎంతో మర్యాదగా, గ్రీజు వరుస మీద ఒక గీత గీసింది.

ఆడిట్ రోజు వచ్చినావిడ పేరు ఉషశ్రీ. యాభై దగ్గర ఉంటాయి. కాటన్ చీర, తలలో ఒక్క నెరిసిన పాయ. రామకోటేశ్వరరావుగారు ఇంకో ఊళ్ళో పనుందని ముందే తప్పుకున్నారు. ఆవిడ తూకాలు చూసింది, జల్లెళ్ళు చూసింది, కనకలక్ష్మి గోళ్ళు చూసింది. మాన్యువల్ తిప్పుతూ అరవై నాలుగో పేజీ దగ్గర ఆగింది.

"ఇది పెన్నుతో ఎవరు కొట్టేశారండీ? ఆమోదించిన కాయితం మీద ఇలా చెయ్యకూడదే."

టీ ట్రేతో వస్తున్న స్టెల్లా గుమ్మంలోనే ఆగిపోయింది. అయిపోయింది. సర్టిఫికెట్టు పోయింది, సూపర్‌మార్కెట్టు పోయింది, షెడ్డు అమ్మేశారు, కనకలక్ష్మి పిల్లల ఫీజులు కట్టలేక వీధిన పడింది. అన్నీ తన చేతి గీత వల్లే. "నేనేనండీ," అంది, వినబడీ వినబడకుండా. "ఉగ్గుకి గ్రీజు పుయ్యమని ఉంటేనూ..."

ఉషశ్రీ ఆ వరుస చదివింది. పెదవులు బిగబట్టుకుంది. "మొత్తం చదివారా?"

"రెండుసార్లండీ."

"పద్దెనిమిదేళ్ళుగా ఆడిట్లు చేస్తున్నాను. మాన్యువల్ మొత్తం చదివిన మనిషిని ఇవాళే చూస్తున్నాను," అని ఏదో రాసుకుని, పేజీ తిప్పింది. "ఎనిమిది పాయింట్ మూడు వర్తించదన్నారు. ఎందుకని?"

"మా అమ్మగారి పాళ్ళండీ," అని యేసుకుమార్ గోడమీద ఫొటో చూపించాడు. "నలభై ఏళ్ళుగా మార్చలేదు."

"ఆవిడ..."

"పోయి ఆరేళ్ళయిందండీ."

ఉషశ్రీ బల్ల మీద ఉన్న ఎర్ర ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది. "ఈ రాగి ఉగ్గు పోయిన క్రిస్మస్‌కి కొత్తగా తెచ్చామని మీరే రాశారు. మరి దీని పాళ్ళు ఎవరు చెప్పారండీ?"

యేసుకుమార్ ఫొటో వైపు చూశాడు, ఆవిడేమైనా ఆదుకుంటుందేమోనన్నట్టు. తర్వాత నవ్వాడు. "అదా! మా ఆవిడండీ. ఖాళీగా ఉన్నప్పుడు సరదాకి ఏదో కెలుకుతా ఉంటది."

ఖాళీగా ఉన్నప్పుడు. స్టెల్లాకి ఆ మాట కొత్త కాదు, చెప్పినాయన చెడ్డవాడూ కాదు. ఆమెకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసే మనిషి. అయినా ఖాళీ ఎప్పుడుంది తనకి? వంటకీ బట్టలకీ మధ్య, బట్టలకీ ప్యాకింగుకీ మధ్య, ప్యాకింగుకీ మళ్ళీ వంటకీ మధ్య. ఆ సందుల్లో పుట్టింది ఈ ఉగ్గు. సరదా ఎక్కడుంది? నీలంగా తిరిగిపోయిన పిల్ల మొహంలోంచి పుట్టింది. ఇప్పుడు నోరు విప్పితే, గోడమీద నవ్వుతున్న అత్తమ్మని ఆయన దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుందేమో. విప్పకపోతే, శ్రావణంలో ఎవరింట్లోనో ఒక గడ్డ. రెండు భయాలూ తక్కెడలో వేసుకుంది. ఏది బరువో చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

ట్రే కింద పెట్టి, వెనక గదిలోకి వెళ్ళి, ఎనిమిది పుస్తకాలూ చీర చెంగులో పెట్టుకుని వచ్చింది. "వెనక నుంచి చదవాలండీ," అంది.

ఉషశ్రీ చదివింది. ఆవిడ వెనక నిలబడి కృప చదివింది. మొదటి పుస్తకం మొదటి పేజీలోనే, 'ఉండ అడ్డుపడి పిల్ల నీలంగా తిరిగిపోయింది' అన్న వరుస దగ్గర కృప చెయ్యి తన గొంతు మీదికి వెళ్ళింది. "అమ్మా, ఇది నేనా?" స్టెల్లా తలూపింది. యేసుకుమార్ పుస్తకం తీసుకుని, ఆ తేదీ చూసి, కుర్చీలో కూర్చున్నాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "అమ్మకి తెలుసా?" అన్నాడు.

"తెలుసండీ. నాది ఉండలు కట్టేది అని తనే నవ్వింది. మీకు చెప్పొద్దంది."

ఆయన ఫొటో వైపు మళ్ళీ చూశాడు. ఆవిడ అలాగే నవ్వుతోంది. ఇన్నాళ్ళూ ఆ నవ్వు దేనికో ఇప్పుడర్థమైనట్టు ఆయన తల వంచుకున్నాడు.

"నేను సలహాలు ఇవ్వకూడదండీ, అడగడం వరకే నా పని," అంది ఉషశ్రీ. "'వర్తించదు' అన్నదానికి మీరు ఆధారం చూపలేకపోయారు. తప్పు కిందే రాస్తున్నాను. ఎలా సరిచేస్తారో మీరే చెప్పాలి. ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు, దేనితో చేస్తారు."

"కృప పేరు రాద్దామండీ," అన్నాడు యేసుకుమార్ గొంతు సవరించుకుని. "డిగ్రీ ఉంది."

"నేను రాయను డాడీ," అంది కృప. "నేను తిని బతికిన పాపని. చేసినావిడ ఈవిడ."

అందరూ స్టెల్లా వైపు చూశారు. ఆమె మాట వణకలేదు, అదే ఆమెకి ఆశ్చర్యమేసింది. "నా పేరే రాయండి. ముందు కిటికీకి అడ్డమున్న బీరువా తీయించండి, నాకు వెలుతురు కావాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నన్నెవరూ పిలవకూడదు. పెసలూ, బియ్యం, గ్యాసూ కంపెనీ ఖర్చులో రాయండి, ఇంటి ఖర్చులో వద్దు. నా జీతం కూడా."

"అంటే ఇప్పుడిదంతా కొత్త ఖర్చే కదా స్టెల్లా..."

"కొత్తదేంటి డాడీ?" అంది కృప. "పాతికేళ్ళుగా అయ్యే ఖర్చే. అమ్మ పెట్టింది, మనం రాయలేదు. అంతే తేడా."

యేసుకుమార్‌కి ఇక ఖర్చుల పుస్తకం తెరవక తప్పలేదు.

కృప మాన్యువల్లోంచి బోల్టులవాళ్ళ పట్టిక ఒకటి తీసి, వాళ్ళ తుప్పూ గ్రీజూ తుడిచేసి, ఖాళీది ప్రింటు తీసి తల్లి ముందు పెట్టింది. మూడు గళ్ళు. ఏం పొరపాటు జరగవచ్చు. ఏం చేయాలి. బాధ్యత ఎవరిది. మొదటి రెండూ స్టెల్లాకి తెలిసినవే, ఎనిమిది పుస్తకాల నిండా ఉన్నవే. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. తన పుస్తకాల్లో ఆ గడి లేదు. ఎందుకు గియ్యలేదో ఆలోచించింది. అవసరం రాలేదు. ఎప్పుడూ ఒకే పేరు కదా.

"స్టెల్లా," అన్నాడు యేసుకుమార్ అలవాటుగా, "మేడమ్‌కి ఇంకాస్త టీ..."

ఆమె తలెత్తలేదు. "ఆ పని నాకు వర్తించదండీ. డ్యూటీలో ఉన్నా."

కనకలక్ష్మి గుమ్మంలోంచే కిసుక్కుమంది. ఉషశ్రీ తన కాయితాల్లోకి బాగా వంగిపోయింది. యేసుకుమార్ ఒక్క క్షణం భార్యని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, చొక్కా చేతులు మడుచుకుంటూ లేచాడు. "పంచదార ఎక్కడుంటది?"

"వాము డబ్బా వెనక."

వెనక గదిలో గిన్నె చప్పుడైంది. లైటరు నాలుగుసార్లు కొట్టుకుంది. ఏదో కింద పడింది. చివరికి ఆయన నాలుగు కప్పులు మోసుకొచ్చి, ఒకటి స్టెల్లా ముందు కూడా పెట్టి, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. టీలో పంచదార మరీ ఎక్కువైంది. అయినా ఆమెకి బాగుంది.

ఒక్కటే వినబడలేదు. "కట్టేశా!" అన్న అరుపు.

గ్యాస్ పైపు, దాని పక్కనే ఇనప బీరువా, బీరువా నిండా కాయితాలు. మంటలు అప్పుడే షెడ్డు దాటి డొంకరోడ్డెక్కాయి. స్టెల్లా సగం లేచింది. పాతికేళ్ళుగా లేచినట్టే. మళ్ళీ కూర్చుంది. పట్టిక దగ్గరికి లాక్కుని, మొదటి వరుసలో గుండ్రటి అక్షరాలతో రాసింది: టీ పెట్టాక గ్యాస్ కట్టి ఉండకపోవచ్చు. వెంటనే వెళ్ళి చూడాలి. మూడో గడిలో రాసింది: యేసుకుమార్.

కాయితం ఆయన ముందుకి జరిపింది. ఆయన చదివి, కప్పు కింద పెట్టి, పరుగెత్తాడు.